డ్రమ్ము మీద అసలు పేరు రాయండి: ఫార్మా యూనిట్ల సేఫ్టీ విభాగాలకు బహిరంగ లేఖ

పరవాడ, అచ్యుతాపురం, పాశమైలారం, బొల్లారం, జీడిమెట్ల వంటి చోట్ల బల్క్ డ్రగ్, కెమికల్ యూనిట్లలో పనిచేస్తున్న ఈహెచ్‌ఎస్ (పర్యావరణ, ఆరోగ్య, భద్రత) హెడ్‌లకు, సేఫ్టీ ఆఫీసర్లకు, ప్లాంట్ మేనేజర్లకు,

నమస్కారం.

మీరూ మేమూ ఒకే గేటు దాటి లోపలికి వస్తాం. ఒకే క్యాంటీన్‌లో తింటాం. అయినా పనిచోట ప్రాణాపాయం గురించిన ఈ సంగతులు మీటింగ్‌లో ఎత్తితే "పాయింట్ నోటెడ్" అంటారు, మినిట్స్‌లో మాత్రం అవి కనబడవు. అందుకని నలుగురూ చదివేచోట రాస్తున్నాను. నేను ప్రొడక్షన్‌లో షిఫ్ట్ ఇన్‌చార్జ్‌ని. ఏ కంపెనీయో చెప్పను. చెబితే ఇది ఆ ఒక్క కంపెనీ గొడవ అయిపోతుంది, మిగతావాళ్లు హాయిగా ఊపిరి పీల్చుకుంటారు.

కొత్తగా చేరినవాళ్లకు మీరిచ్చే ఇండక్షన్‌తో మొదలుపెడతాను. ఏసీ రూములో కూర్చోబెట్టి స్లైడ్లు వేస్తారు. అందులో ఒకటి నేను చూసిన అన్ని కంపెనీల్లోనూ ఒకేలా ఉంది: పనిచోట హజార్డ్స్ (ప్రమాద కారణాలు) ఆరు రకాలు. చప్పుడు, వేడి, రేడియేషన్ లాంటివి భౌతికమైనవి. యాసిడ్లు, గ్యాసులు రసాయనాల కింద. తిరిగే మెషిన్లు, ఎత్తు మీద పని, కరెంటు ఒక గుంపు. సూక్ష్మజీవులది ఇంకో గుంపు. బరువులెత్తడం, గంటలకొద్దీ వంగి పనిచేయడం ఎర్గోనామిక్స్. ఆఖరున పని ఒత్తిడి. ఒక్కోదానికీ ఒక బొమ్మ. తర్వాత పది ప్రశ్నల పేపరు ఇస్తారు, టిక్కులు ఎక్కడ పెట్టాలో మీరే చెబుతారు, సంతకాలు తీసుకుని ఆడిట్ ఫైల్లో పెట్టేస్తారు.

ఆ స్లైడ్‌లో తప్పేమీ లేదు, ప్రపంచమంతా అలాగే విడగొట్టి చెబుతారు. కాని అది చూసిన హెల్పర్ మర్నాడు పొద్దున బ్లాకులోకి వచ్చి నిలబడితే, తన చుట్టూ ఉన్నవాటిలో దేనికి భయపడాలో దానివల్ల అతనికి తెలియదు. యాసిడ్ డ్రమ్ముకి ఎలాగూ భయపడతాడు. పడితే కాలుతుందని ఎవరూ చెప్పక్కర్లేదు. మన ప్లాంట్లలో మనుషుల్ని పొట్టనబెట్టుకునేవి చాలా చూడ్డానికి అంత భయంకరంగా ఉండవు. ఒకటి తెల్లటి పొడి. ఒకటి నీళ్లంత పల్చటి ద్రవం. ఇంకోటి రంగూ వాసనా లేని గ్యాసు.

పొడి సంగతి ముందు చూద్దాం. 2025 జూన్ 30 పొద్దున పాశమైలారంలోని సిగాచి ఇండస్ట్రీస్‌లో పేలుడు జరిగింది. గల్లంతైన 8 మందిని కలుపుకుంటే పోయినవాళ్లు 54 మంది. చాలామందిని డీఎన్‌ఏ పరీక్షలతో గుర్తుపట్టాల్సి వచ్చింది. అక్కడ తయారయ్యేది విషం కాదు. మైక్రోక్రిస్టలైన్ సెల్యులోజ్, అంటే చెక్క గుజ్జు నుంచి తీసే తెల్లటి పొడి. మనం మింగే మాత్రల్లో చాలావాటిని గట్టిగా పట్టి ఉంచేది అదే. నాలుక మీద వేసుకున్నా ఏమీ కాదు. మీ స్లైడ్ ప్రకారం దాన్ని ఏ బొమ్మ కింద పెడతారు?

ఆ పేలుడుకి బాధ్యులెవరన్నది దర్యాప్తు చేసేవాళ్లు, కోర్టులు తేల్చాలి. కాని ఆ పొడి స్వభావం తెలియడానికి దర్యాప్తు అక్కర్లేదు. మండే గుణం ఉన్న ఏ పదార్థమైనా మెత్తటి పొడై గాలిలో లేచిందంటే ఒక్క నిప్పురవ్వ చాలు. గోధుమపిండి, పంచదార, పాలపొడి, చెక్కపొట్టు, అల్యూమినియం పొడి, మనం తయారుచేసే ఏపీఐల్లో (మందుల్లోని అసలు రసాయనాల్లో) చాలాభాగం ఈ కోవలోవే. కుప్పగా ఉంటే మెల్లగా కాలేది, గాలిలో తేలుతున్నప్పుడు ప్రతి రేణువు చుట్టూ ఆక్సిజన్ ఉంటుంది కాబట్టి ఒక్కసారే భగ్గుమంటుంది. అది నాలుగు గోడల మధ్య జరిగితే ఆ ఒత్తిడికి గోడలు ఆగవు.

కెమిస్ట్రీ చదివినవాళ్లకు కూడా చాలామందికి తెలియనిది ఆ తర్వాతి సంగతి. మొదటి పేలుడు తరచు చిన్నదే అవుతుంది, ఏ డ్రయ్యర్ లోపలో, ఏ డక్టులోనో. అది భవనాన్ని కుదిపేస్తుంది. దూలాల మీద, కేబుల్ ట్రేల మీద, ఫాల్స్ సీలింగ్ పైన ఏళ్లతరబడి పేరుకున్న దుమ్ము ఒక్కసారిగా కిందికి రాలుతుంది. రాలిన ఆ దుమ్ము అంటుకోవడమే రెండో పేలుడు. ఎక్కువమంది ప్రాణాలు పోయేది అందులోనే. 2008 ఫిబ్రవరి 7న అమెరికాలోని జార్జియాలో ఇంపీరియల్ షుగర్ ఫ్యాక్టరీలో 14 మంది చనిపోయింది ఈ తీరుగానే. అక్కడి దుమ్ము పంచదారది. పేరుకున్న దుమ్ము మందం 0.8 మిల్లీమీటర్లు దాటి కాస్త పెద్ద జాగా పరుచుకుంటే చాలు, ప్రమాదమని అమెరికాలో లెక్కగడతారు. అంటే వేలితో గీస్తే గీత కనబడేంత.

ఇప్పుడు పొడి నూరే మన మిల్లింగ్ రూముకి రండి. నేల అద్దంలా తుడిచి ఉంటుంది, ఎందుకంటే ఆడిటర్ చూసేది నేలనే. పైన దూలం దాకా నిచ్చెన వేసుకెళ్లి వేలు పెట్టి గీసిన సేఫ్టీ ఆఫీసర్‌ని నేనింతవరకు చూడలేదు. షిఫ్ట్ చివర్లో పని తెమలాలని కుర్రాళ్లు కంప్రెస్డ్ ఎయిర్ హోసు పెట్టి మెషిన్ల మీద దుమ్ము ఊదేస్తారు. అది లేచి గదంతా తెల్లగా కమ్ముకుని, కాసేపటికి వెళ్లి దూలాల మీదే కూర్చుంటుంది. ఆ కాసేపూ ఆ గదిలో పేలుడుకి కావలసినవన్నీ ఉంటాయి, నిప్పురవ్వ తప్ప. హెల్మెట్ పట్టీ బిగించుకోలేదని మీరు వేసిన ఫైన్లు మాకు తెలుసు. హోసుతో ఊదినందుకు ఎవరికీ రూపాయి ఫైన్ పడలేదు. నాకు ఫైన్ల మీద నమ్మకం లేదు గాని, మీ దృష్టి ఎక్కడుందో దాన్నిబట్టి తెలుస్తుంది కదా. హోసు బదులు స్టాటిక్ (రాపిడితో పుట్టే కరెంటు) పుట్టని వాక్యూమ్ క్లీనర్ కొని పెడితే కుర్రాళ్లకు ఊదాల్సిన పనే ఉండదు.

ఇక సాల్వెంట్లు, అంటే పదార్థాలను కరిగించడానికి వాడే ద్రవాలు. 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం సెజ్‌లోని ఎసెన్షియా అడ్వాన్స్‌డ్ సైన్సెస్‌లో 17 మంది చనిపోయారు. మధ్యాహ్నం భోజనాల వేళ. ఎంటీబీఈ అనే సాల్వెంట్ లీకై, కింద ఎలక్ట్రికల్ ప్యానెల్ ఉన్నవైపు పడి, దాని ఆవిరి అంటుకుందని అధికారులు అప్పట్లో చెప్పారు. అదేదో అరుదైన రసాయనం అనుకోకండి. మన బ్లాకుల్లో టొలీన్, మెథనాల్, అసిటోన్ ఎలాగో అదీ అలాగే డ్రమ్ముల్లో తిరుగుతూ ఉంటుంది.

సాల్వెంట్ గురించి పనివాడికి తెలియాల్సింది రెండే విషయాలు, రెండూ స్లైడ్‌లో లేవు. మొదటిది ఫ్లాష్ పాయింట్. ఎంత వేడి ఉంటే ఆ ద్రవం నుంచి అంటుకోగల ఆవిరి లేస్తుందన్న లెక్క. టొలీన్‌కి అది సుమారు 4 డిగ్రీలు, మెథనాల్‌కి సుమారు 11. ఎంటీబీఈకి సున్నాకి 25 డిగ్రీలకు పైగా కింద. అనకాపల్లిలో ఏ సంక్రాంతి రాత్రీ 4 డిగ్రీలకు దిగదు. కాబట్టి మన సాల్వెంట్ యార్డులో మూత తీసిన ఇలాంటి ప్రతి డ్రమ్ము మీదా, ఏడాది పొడుగునా, పగలూ రాత్రీ, అంటుకోవడానికి సిద్ధంగా ఆవిరి ఉంటుంది. "ఎండాకాలం జాగ్రత్త" అని నోటీసు బోర్డులో పెడతారు చూడండి, చలికాలం వస్తే ఏం ఫరవాలేదనే కదా దాన్నిబట్టి కుర్రాళ్లు అనుకునేది! రెండోది ఆ ఆవిరి బరువు. గాలికన్నా బరువు గనక పైకి పోదు. నేల మీద పాకుతుంది, డ్రెయిన్‌లోకి, కేబుల్ ట్రెంచ్‌లోకి దిగుతుంది, నిప్పు ఎంత దూరాన ఉన్నా వెతుక్కుంటూ వెళ్తుంది. లీకైన చోట నిప్పు లేదు కదా అని ధీమాగా ఉంటే లాభం లేదు.

మన ఒంటి మీదే నిప్పు పుడుతుందని చెబితే కుర్రాళ్లు నవ్వుతారు. చార్జింగ్, అంటే రసాయనాలు కలిపే రియాక్టర్‌లోకి ముడిసరుకు పోయడం, ఎలా జరుగుతుందో దగ్గర నిలబడి చూడండి. 25 కిలోల పొడి బస్తా, దానిలోపల పాలిథిన్ కవరు. రియాక్టర్‌లో అప్పటికే టొలీన్ పోసి ఉంది. మ్యాన్‌హోల్ తెరిచి బస్తా వంచుతారు. కవరు మీంచి పొడి జారుతున్నంతసేపూ స్టాటిక్ చార్జ్ పుడుతూనే ఉంటుంది. చివర్లో అంటుకుపోయిన పొడి కోసం కవరుని టపటపా విదిలిస్తారు, సరిగ్గా మ్యాన్‌హోల్ నోటి మీద, ఆవిరి చిక్కగా ఉన్నచోట. టొలీన్ ఆవిరి అంటుకోవడానికి ఒక మిల్లీజౌల్‌లో నాలుగో వంతు శక్తి సరిపోతుంది. రబ్బరు బూట్లు వేసుకున్న మనిషి ఒంట్లో అంతకు చాలా రెట్లు పోగవుతుంది. ముఖం కాలిన చార్జింగ్ ఆపరేటర్లు ఈ పరిశ్రమలో ఎందరున్నారో మీకు నాకంటే బాగా తెలుసు.

ఎర్తింగ్ పెట్టాం కదా అంటారు. పెట్టారు. డ్రమ్ము అంచుకి క్లిప్ తగిలించి ఉంటుంది, ఫొటోలో బాగా పడుతుంది కూడా. దగ్గరకెళ్లి చూస్తే అది పెయింట్ మీద ఉంటుంది. పళ్లు ఇనుములోకి దిగలేదు. కొన్నిచోట్ల ప్లాస్టిక్ డ్రమ్ముకి కూడా క్లిప్ పెట్టి ఉండటం చూశాను, చెక్‌లిస్టులో ఆ గడి ఉంది మరి.

ఇప్పుడు నా అసలు మొర. ఇందాకటి నుంచి టొలీన్, మెథనాల్, ఎంటీబీఈ అని పేర్లు పెట్టి రాస్తున్నాను. మా బ్లాకులో డ్రమ్ముల మీద ఆ పేర్లు ఉండవు. ఒక అక్షరం, ఒక అంకె, అంతే. ఇంటర్మీడియట్లకి (మందు తయారీలో మధ్యలో వచ్చే పదార్థాలకి) కోడ్, సాల్వెంట్లకి కోడ్, బ్యాచ్ షీటులోనూ కోడే. ప్రాసెస్ బయటికి పోకూడదట. పోటీ కంపెనీ మనిషిని లాక్కుపోతే రెసిపీ కూడా వెళ్లిపోతుందట. ఆ భయం అర్థమవుతుంది. కాని ఆ కోడ్ వల్ల దేని మీద వంగుతున్నాడో వంగేవాడికే తెలియకుండా పోతోంది. మీరు ఇంటర్నెట్‌లో ఎంఎస్‌డీఎస్ (పదార్థం ప్రమాదాలు, జాగ్రత్తలు చెప్పే పత్రం) పెట్టారు, బ్లాకు గోడకి ఒక ఫోల్డర్ వేలాడదీశారు. అందులో అసలు పేర్లుంటాయి. డ్రమ్ము మీద కోడ్ ఉంటుంది. ఈ రెండింటినీ కలిపే కాగితం మేనేజర్ గారి కంప్యూటర్‌లో ఉంటుంది.

నా షిఫ్ట్‌లో ఒక రాత్రి గాస్కెట్ (పైపు అతుకు కారకుండా వేసే బిళ్ల) పోయి ఒక హెల్పర్ ముఖాన చిమ్మింది. సేఫ్టీ షవర్ కింద నిలబెట్టి, ఆ బట్టలు తీయించి, ఆస్పత్రికి పంపాం. క్యాజువాలిటీలో డ్యూటీ డాక్టరు మొట్టమొదట అడిగింది "ఏం పడింది?" అని. తోడు వెళ్లిన కుర్రాడికి తెలిసింది కోడ్ నంబరొక్కటే, అదే చెప్పాడు. డాక్టరు ఏం చేస్తాడు దాంతో? మేనేజర్‌కి ఫోన్ చేస్తే ఎత్తలేదు, ఆ వేళప్పుడు ఎవరెత్తుతారు. అసలు పేరు డాక్టరుకి చేరేసరికి తెల్లారవచ్చింది. ఆ హెల్పర్ కోలుకున్నాడు, కళ్లు నిలిచాయి. అది అదృష్టమే గాని మన సిస్టమ్ గొప్పతనం కాదు. ఆ సంఘటన రిపోర్టులో మూలకారణం గాస్కెట్ అని రాశారు. పేరు తెలియక పోయిన గంటల గురించి ఒక్క వాక్యం లేదు.

ఆ రహస్యం కూడా ఏమంత రహస్యం కాదు. పర్యావరణ అనుమతి కోసం కంపెనీ ఇచ్చిన రిపోర్టులో ఏ ప్రొడక్ట్‌కి ఏ ముడిసరుకు, ఏ సాల్వెంట్, రోజుకెంత అన్నది రాసి ఉంటుంది. ఎవరైనా తీసి చదువుకోవచ్చు. పోటీ కంపెనీవాడు చదివే ఉంటాడు. మన హెల్పర్‌కి మాత్రం తెలియకూడదు!

మూడోది నైట్రోజన్. దీన్ని మనవాళ్లు సేఫ్ గ్యాస్ అంటారు. మంట రాకుండా రియాక్టర్లలో, సెంట్రిఫ్యూజుల్లో (తిప్పి ద్రవాన్ని వేరుచేసే మెషిన్లలో) నింపేది అదే కాబట్టి ఆ పేరొచ్చింది. మనం పీల్చే గాలిలో 78 శాతం కూడా అదే. అందుకే ఊపిరితిత్తులు దాన్ని పసిగట్టవు. ఉక్కిరిబిక్కిరి కాదు, దగ్గు రాదు. ఆక్సిజన్ మరీ తగ్గిన చోట ఒకటి రెండు శ్వాసల్లోనే స్పృహ తప్పుతుంది, కేక వేసే వ్యవధి కూడా ఉండదు. అమెరికాలో రసాయన ప్రమాదాలను దర్యాప్తు చేసే బోర్డు 1992 నుంచి 2002 దాకా లెక్క తీస్తే, ఒక్క నైట్రోజన్ వల్లే అక్కడ 80 మంది చనిపోయారని తేలింది. మన దగ్గర అలాంటి లెక్క కట్టినవాళ్లు నాకు కనబడలేదు. "ఊపిరాడక మృతి" అని పేపర్లో రెండు లైన్లు వస్తాయి.

ఇలాంటి గ్యాసు ఉన్నచోటికి దిగడానికి కూడా పర్మిట్ (రాతపూర్వక అనుమతి) ఉంది, ఫారాలున్నాయి. కాని మనిషి మొత్తంగా లోపలికి దిగితేనే పర్మిట్ అని మనవాళ్ల లెక్క. సెంట్రిఫ్యూజ్ అడుగున చిక్కుకున్న కేక్ (గట్టిపడిన తడి పొడి) గీకడానికి తల లోపలికి పెడితే అది ఎంట్రీ కాదట! నైట్రోజన్‌కి తల చాలు. రెండోది, లైన్ వాల్వ్ కట్టేసి "ఐసొలేట్ అయింది" అని రాస్తారు. వాల్వులు కారతాయని ప్రొడక్షన్‌లో ఉన్న ప్రతివాడికీ తెలుసు. లైన్ విప్పాలి, లేదా బ్లైండ్ (దారి మూసే ఇనుప బిళ్ల) వేయాలి. ఆక్సిజన్ మీటర్ మ్యాన్‌హోల్ దగ్గర పెట్టి 20.9 చూపిస్తోందని సంతకం పెట్టేస్తారు. మధ్యలో, అడుగున ఎంతుందో తాడు కట్టి దించి చూడాలి.

మాస్కుల సంగతి ఇంకో ఘోరం. బ్లాకులో మూడు రకాలు వాడతాం. మూతికి కట్టుకునే గుడ్డలాంటిది దుమ్ముని కొంత ఆపుతుంది, సాల్వెంట్ ఆవిరిని అస్సలు ఆపదు. కార్ట్రిడ్జ్ ఉన్నది ఆవిరిని కొన్ని గంటలు ఆపుతుంది, ఆ తర్వాత నిండిపోతుంది. దాని సీలు ఎప్పుడు తీశారో కార్ట్రిడ్జ్ మీద రాసి ఉండటం నేను చాలా అరుదుగా చూశాను. ఎంత ఖరీదు కార్ట్రిడ్జ్ అయినా ఆక్సిజన్ పుట్టించలేదు. ఆక్సిజన్ లేనిచోటికి సిలిండర్ సెట్టో, బయటినుంచి గాలి వచ్చే ఎయిర్ లైనో కావాలి. ఈ తేడా తెలియకనే ట్యాంకులో పడిపోయిన మనిషి కోసం రెండో మనిషి కార్ట్రిడ్జ్ మాస్కు తగిలించుకుని దిగుతాడు. అతని కోసం మూడో మనిషి. ఈటీపీ (వ్యర్థ జలాల శుద్ధి) సంపుల దగ్గర హైడ్రోజన్ సల్ఫైడ్‌తోనూ ఇదే కథ, పైగా అది గాఢంగా ఉంటే ముక్కు మొద్దుబారి కుళ్లిన గుడ్ల వాసన కూడా తెలియదు. వాసన పోయింది కదా అని దిగుతారు. ఈ మూడు మాస్కులనూ బల్ల మీద పెట్టి, చేతికిచ్చి, ఏది దేనికి పనికిరాదో చెప్పడానికి పది నిమిషాలు పట్టదు. మీ ఇండక్షన్‌లో "తగిన పీపీఈ (రక్షణ సామగ్రి) ధరించాలి" అని ఉంటుంది. ఆ "తగిన" ఏమిటో చెప్పాల్సింది మీరే కదా?

మెషిన్ గార్డులు, మెట్ల రెయిలింగులు, ఎత్తు మీద బెల్టులు వీటిలో మీరు చాలా మెరుగయ్యారు, కాదనను. చప్పుడుకి ఇయర్ ప్లగ్‌లు కూడా ఇస్తున్నారు. నడుముల సంగతే ఎవరికీ పట్టదు. 25 కిలోల బస్తాలు రోజంతా మెట్లెక్కించి రియాక్టర్ పైకి చేర్చే కుర్రాడికి ముప్పై ఏళ్లకే డిస్కు పోతుంది, ఊరికి వెళ్లిపోతాడు, మీ రికార్డుల్లో "రిజైన్డ్". హార్మోన్ ప్రొడక్ట్‌లు, పెనిసిలిన్ రకాలు చేసే బ్లాకుల్లో రోగాలు మెల్లగా వస్తాయి. ఏటా రక్తం తీస్తారు, ఊపిరి ఊదిస్తారు, వినికిడి పరీక్ష చేస్తారు. రిపోర్టులు మాత్రం మా చేతికివ్వరు. మా ఒంట్లో ఏముందో మాకు చెప్పడానికి కూడా కోడ్ కావాలా?

ఇక స్లైడ్ చివర బొమ్మ, పని ఒత్తిడి. తల పట్టుకుని కూర్చున్న మనిషి బొమ్మ వేసి, యోగా చేయమంటారు. మా దగ్గర ఒత్తిడి అంటే రిలీవర్ (తర్వాతి షిఫ్ట్ మనిషి) రాకపోవడం. ఎనిమిది గంటల షిఫ్ట్ చేసినవాడు ఇంకో ఎనిమిది గంటలు కొనసాగుతాడు, ఓటీ వస్తుంది కాబట్టి వద్దనడు. తెల్లారుజామున మూడు, నాలుగు మధ్య టెంపరేచర్ రీడింగులు నిజంగా చూసి రాసినవి ఎన్నో, ముందు గంట అంకె చూసి రాసినవి ఎన్నో లాగ్‌షీట్ చూస్తేనే తెలుస్తుంది. భోపాల్ గ్యాస్ లీకు 1984 డిసెంబర్ 2 అర్ధరాత్రి దాటాక. విశాఖ దగ్గర ఆర్ఆర్ వెంకటాపురంలో ఎల్‌జీ పాలిమర్స్ స్టైరీన్ లీకు 2020 మే 7న తెల్లవారుజామున సుమారు మూడు గంటలకు, 12 మంది పోయారు. లాక్‌డౌన్‌లో ప్లాంట్ ఆగే ఉంది. ఆగి ఉన్న ట్యాంకులోనే స్టైరీన్ తనంతట తాను వేడెక్కింది. సైరన్ మోగించడానికి 36 చోట్ల వీలున్నా అది మోగలేదని ప్రభుత్వం వేసిన హైపవర్ కమిటీ రాసింది. మా ప్లాంట్‌లోనూ బటన్లకు కొదవ లేదు. ఒక కాంట్రాక్ట్ హెల్పర్ తనంతట తానే బటన్ నొక్కొచ్చని, తీరా ఏమీ లేకపోయినా అతణ్ణి ఎవరూ ఏమీ అనరని, మీలో ఎవరైనా వాళ్ల ముఖం చూసి చెప్పారా? ఉత్తుత్తి సైరన్ మోగించినవాణ్ణి మర్నాడు గేటు దగ్గరే ఆపేస్తారని వాళ్ల నమ్మకం. ఆ నమ్మకానికి కారణాలున్నాయి.

చెప్పడం అన్నాను కాబట్టి భాష సంగతి. సిగాచిలో పోయినవాళ్లలో చాలామంది బిహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్‌ల నుంచి వచ్చినవాళ్లు. మా బ్లాకులోనూ సగం మంది ఒడియావాళ్లు, భోజ్‌పురీ మాట్లాడేవాళ్లు. ఇండక్షన్ స్లైడ్లు ఇంగ్లిష్‌లో, చెప్పేది తెలుగులో, మధ్యమధ్యలో "సమఝా?" అని అడుగుతారు. వాళ్లు తలూపుతారు. పర్మిట్లు ఇంగ్లిష్‌లోనే. కొత్తగా వచ్చిన ఒడియా కుర్రాడికి మా బ్లాకు గురించి తెలిసిందంతా అదే భాష మాట్లాడే పాత ఆపరేటర్ చెప్పిందే. నిజానికి అతనే మీకన్నా బాగా చెబుతున్నాడు. ఆ పని అతనిదేనని గుర్తించి, షిఫ్ట్ మొదట్లో ఒక పావుగంట అధికారికంగా ఇచ్చి, దానికి కాస్త డబ్బు కూడా కలపండి.

గేటు దగ్గర మీ బోర్డు ఒకటుంది. ప్రమాదం లేని రోజులు ఇన్ని అని పెద్ద అంకెలు. అంకె పెరిగితే కేకు కోస్తారు, గిఫ్టులిస్తారు. వేలు నలిగినవాడు చేతి రుమాలు చుట్టుకుని షిఫ్ట్ పూర్తిచేసి, బయట ఆర్ఎంపీ దగ్గర కుట్లు వేయించుకునేది ఆ అంకె కోసమే. సూపర్‌వైజర్ బతిమాలతాడు, "అందరికీ గిఫ్టు పోతుందిరా" అని. అంకె పెరుగుతున్నకొద్దీ మీకు తెలిసేది తగ్గిపోతూ ఉంటుంది. తప్పిన ప్రమాదాల రిజిస్టర్, అదే నియర్ మిస్ రిజిస్టర్, మా ప్లాంట్‌లో నెలకి ఇన్ని రాయాలని టార్గెట్ పెట్టారు. అందుకని నెలాఖరున కూర్చుని "నేల మీద నీళ్లు ఉన్నాయి, తుడిపించాం" అని నింపుతారు. గాస్కెట్ వదులైన సంగతి అందులోకి ఎక్కదు, ఎక్కితే ఎవరు బిగించలేదన్న ప్రశ్న వస్తుంది.

మీ కష్టాలూ తెలుసు. సేఫ్టీ ఆఫీసర్ ప్లాంట్ హెడ్‌కి రిపోర్ట్ చేస్తాడు, ప్లాంట్ హెడ్‌కి కావలసింది డిస్పాచ్. బ్యాచ్ ఆపితే మీ ఉద్యోగం మీదికొస్తుంది. మీలో కొందరికి మాకంటే జీతం తక్కువ. అయినా చట్టం మీవైపు కొంత ఉంది. భోపాల్ తర్వాత 1987లో ఫ్యాక్టరీల చట్టానికి చేసిన సవరణ, తాను పనిచేసేచోట ఉన్న ప్రమాదాలు తెలుసుకునే హక్కు కార్మికుడికి ఇచ్చింది. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన వృత్తి భద్రత కోడ్‌లోనూ ఆ హక్కు ఉంది. ప్రాణాపాయం ఉందనిపిస్తే యాజమాన్యానికీ ఇన్‌స్పెక్టర్‌కీ చెప్పే హక్కు కూడా ఉంది. ప్రమాదకర ప్రాసెస్ ఉన్న ఫ్యాక్టరీలో 250 మంది ఉంటే సేఫ్టీ ఆఫీసర్ ఉండి తీరాలని ఆ కోడ్ చెబుతోంది. 250 లోపు ఉన్న చిన్న యూనిట్ల గతేమిటన్నది ఫ్యాక్టరీల శాఖవాళ్లు చెప్పాలి, వాళ్లకి వేరే ఉత్తరం రాస్తాను.

మార్చి 4 జాతీయ భద్రతా దినోత్సవం. వారం పాటు బ్యానర్లు, స్లోగన్ పోటీలు, ప్రతిజ్ఞ, పిల్లలకి డ్రాయింగ్ పోటీ. ఈసారి ఆ వారంలో ఇవి చేసి చూపండి. ప్రతి డ్రమ్ము మీద, ప్రతి లైన్ మీద అసలు పేరు, ఫ్లాష్ పాయింట్ తెలుగులో, హిందీలో, ఒడియాలో రాయించండి. కోడ్ కావాలంటే దాని పక్కన చిన్నగా ఉంచుకోండి. ప్రతి బ్లాకు నుంచి ఇద్దరు ఆపరేటర్లనీ ఒక హెల్పర్‌నీ వెంటబెట్టుకుని నడవండి, ఇక్కడ మిమ్మల్ని చంపగలిగేది ఏమిటని వాళ్లనే అడగండి. చెప్పింది చెప్పినట్టు రాసి, ఆరు బొమ్మల స్లైడ్ తీసేసి అది గోడకి పెట్టండి. నిచ్చెన వేసి దూలాల మీద చూడండి. గేటు దగ్గర బోర్డు మీద రోజుల అంకె బదులు, ఆ నెలలో తప్పిన ప్రమాదాల్లో పెద్దదేమిటో, దాన్ని ఎవరు చెప్పారో, దానికి ఏం చేశారో రాయండి. చెప్పినవాడు ఒప్పుకుంటేనే పేరు వేయండి.

ఇంకొకటి, దీనికి మార్చి దాకా ఆగక్కర్లేదు. ప్రతి బ్లాకులో వాడే పదార్థాల అసలు పేర్లు, ఒంటి మీద పడితే చేయాల్సిన చికిత్స ఒక్కో కాగితం మీద ప్రింట్ చేసి, లామినేట్ చేయించి అంబులెన్స్‌లో పెట్టించండి. ఒక కాపీ మనవాళ్లని తీసుకెళ్లే ఆస్పత్రి క్యాజువాలిటీలో ఇచ్చి, తీసుకున్నట్టు సంతకం చేయించుకోండి. సంతకాలు తీసుకోవడం మీకు బాగా అలవాటే కదా.

ఇట్లు,
అనకాపల్లి జిల్లా నుంచి ఒక ప్రొడక్షన్ షిఫ్ట్ ఇన్‌చార్జ్